అమ్మది

ఈల ఊదగానే గేటు తెరుచుకోదు. ముందు కందకం మీద చెక్కవంతెన దించాలి, దించేముందు గొలుసు విప్పాలి, ఆ గొలుసు తుప్పుపట్టి ఎప్పుడూ ఒక్కచోటే ఇరుక్కుంటుంది, కాబట్టి గంట అనేది పేరుకే గంట, అందులో మొదటి ముక్క ఇక్కడే, ఒకరి వీపు మీద ఒకరు ఊపిరి వదులుతూ నిలబడడంలోనే పోతుంది, అనుకుంది న్యోకాబి. అనుకుంటూనే ఎడమవైపు చూడకూడదనుకుంది. చూసింది. గేటు పక్కన ముళ్ళతీగ చుట్టిన దొడ్డి, అందులో అమ్మ. కాళ్ళు చాపుకుని, తన గుడిసె ముందు ఎండకి కూర్చున్నట్టే కూర్చుని, కుడి తొడ మీద అరచేత్తో ఏదో రుద్దుతోంది. అక్కడ నార లేదు. ఒట్టి చెయ్యి. యాభై ఏళ్ళుగా తొడ మీద నారకి పురిపెట్టిన చెయ్యి, నార లేకపోయినా దాని పని అది చేసుకుపోతోంది.

"న్యోకాబీ," అని కేకేసింది అమ్మ, సంతకి వెళ్ళేదానికి పని పురమాయించినట్టు. "చేమదుంపలు తేవే. చిలగడ వద్దు. నాకు పళ్ళు లేవు."

మంచె మీద తుపాకీ పట్టుకుని నిలబడ్డవాడు ఫక్కున నవ్వాడు. వెనకనుంచి పక్క గుడిసె వంగేషి చెవిలో అంది, "చూశావా మీ అమ్మ జోరు. ఆవిడ మూలాన ఊరంతా కడుపులు మాడ్చుకుంటుంటే ఆవిడకి చేమదుంపలు కావాలిట." ఆ మాటలో విషమూ ఉంది, నవ్వూ ఉంది, రెండూ అసలువే. గొలుసు విడింది, వంతెన దబ్బున పడింది, మూడు వందలమంది ఆడవాళ్ళు ఒక్కసారి కదిలారు.

రోజుకి ఇరవైమూడు గంటలు లోపల, ఒక్క గంట బయట, ఇవాళ్టికి మూడో రోజు. రెండో ఈలకి వంతెన లేస్తుంది. లేచాక బయట ఎవరు మిగిలినా అడవివాళ్ళ కిందే, అంటే దొరలమీద తిరగబడి అడవిలో చేరినవాళ్ళ కిందే లెక్క, మంచె మీంచి కాలుస్తారు, నిన్న వరస చివరి గుడిసె బాలింతని అలాగే కాల్చారు, వీపున కట్టెలమోపు అలాగే ఉంది, మోపుతో సహా పడింది. ఇవాళ రెండో ఈలకి ఇంకోటి కూడా ఉంది. లారీ. అమ్మని ఎక్కించుకుని నది అవతల విచారణ శిబిరానికి పోయే లారీ. అక్కడికి తీసుకెళ్ళిన పడుచువాళ్ళు తిరిగొస్తున్నారు, కాళ్ళు ఎడం చేసి నడుస్తూ, ఎవరైనా పలకరిస్తే ఉలిక్కిపడుతూ. ముసలివాళ్ళు తిరిగి రావడం ఎవరూ చూడలేదు. అందుకని ఈ గంటలో ఏదో ఒకటి చెయ్యాలి, ఏదో ఒకటి అంటే ఏమిటో న్యోకాబికి తెలుసు, తెలిసినదాన్ని తలలో ఓ మూలకి తోసి దానిమీద కుండ బోర్లించింది, కుండ కింద అది కదులుతూనే ఉంది. గాథోగో దగ్గరికి వెళ్ళి ఒక్క మాట అంటే చాలు, అమ్మని వదిలేస్తారు. ఆ బుట్ట మా అమ్మది కాదు, మా అమ్మాయిది. ఇంతే మాట. పీల్చిన ఊపిరి వదిలేలోపు అయిపోయే మాట.

జానెడు బుట్ట. పొద నార ఒలిచి, నమిలి, పురిపెట్టి, మూడు ఎర్ర చారలు వేసి అమ్మ అల్లింది, నుదుటికి తగిలించుకునే తోలుపట్టీ కూడా పిల్ల తలకి కొలిచి మరీ కుట్టింది. నా పేరింటిది ఒట్టి చేతుల్తో తిరుగుతుందా, దానికీ ఓ బుట్ట ఉండాలి, ఆడదన్నాక, అంది. ఆ బుట్టలో చిన్నది గులకరాళ్ళు మోసింది, మేకపిల్లని మొయ్యబోయింది, ఊళ్ళు కాల్చి అందర్నీ ఈ కందకం లోపలికి తోలిన రోజున తన రెండో గౌను అందులోనే పెట్టుకుని నడిచింది. ఆ తర్వాత దుంపలు మోసింది. వాగుదాకా, మూడు రోజులకోసారి, నీళ్ళకి వెళ్ళే పిల్లల గుంపులో ఒకత్తెగా. నాలుగు దుంపలు, గుప్పెడు ఉడికించిన అనుములు, పైన ఆకులు. పంపింది న్యోకాబే. వాగుగట్టు మీద పొదలో మావయ్య ఉంటాడు, మాట్లాడకు, పెట్టేసి వచ్చెయ్ అని చెప్పి పంపింది. పెద్దవాళ్ళందరూ కందకం తవ్వకంలో ఉంటారు, ముసలివాళ్ళనీ పిల్లల్నీ ఎవరూ పట్టించుకోరు అని తెలివిగా ఆలోచించి పంపింది. తెలివి. తన తెలివి తగలెయ్య.

కాన్యీ ఒక్కడే తమ్ముడు. వాడు న్యాండరువా అడవిలోకి వెళ్ళి రెండేళ్ళయింది. ఒకప్పుడు కుండలో అడుగంటిన మాడు కోసం తనతో కలబడేవాడు, జుట్టు పట్టుకుని ఈడ్చేవాడు. ఇప్పుడు వాడు ఎలా ఉంటాడో తనకి తెలీదు, చిన్నదానికే తెలుసు. గడ్డం ఉందమ్మా, జడలు కట్టుకున్నాడు, కంపు కొడుతున్నాడు, నన్ను చూసి ఏడ్చాడు, అని చెప్పింది ఒకసారి. మాట్లాడొద్దన్నానా అని న్యోకాబి దాన్ని రెండు వేసింది. వేశాక రాత్రంతా నిద్రపట్టలేదు, వాడెందుకు ఏడ్చాడా అని.

దారి గట్టెక్కింది. ఎర్రమట్టి కాళ్ళ కింద జారుతోంది, ముందు పరిగెత్తేవాళ్ళ మడమలు పగిలి తెల్లగా కనిపిస్తున్నాయి, ఎవరి మడమలకీ ఆముదం రాసి ఎన్నాళ్ళయిందో. వెనక్కి తిరిగి మంచె నీడ చూసింది. ఇంకా కందకం దాటలేదు. అది కందకం దాటి, అవతల తుమ్మమొద్దుని తాకితే గంట అయినట్టు.

మొన్న పొద్దుట కూడా అక్కడే, ఆ మొద్దు దగ్గరే కూర్చోబెట్టారు ఊరంతటినీ, చేతులు నెత్తిన పెట్టించి. వాగు దగ్గర గస్తీవాళ్ళకి బుట్ట దొరికిందిట. కొంగకాళ్ళ దొర, ఊరిమీది తెల్ల అధికారి, అందరూ వాణ్ణి అలాగే పిలుస్తారు, పొడుగ్గా ఒక్కో కాలే ఎత్తివేస్తూ నడుస్తాడు, కుర్చీ వేయించుకు కూర్చున్నాడు. గాథోగో బుట్ట పట్టుకుని వరసల మధ్య తిరిగాడు. గాథోగో అంటే పరాయివాడు కాదు. కాన్యీతో కలిసి ఒకే ఏడు సున్తీ కోత కోయించుకుని మగవాడైనవాడు, కోత మానేదాకా అమ్మ వండిన జావ తాగినవాడు. వాళ్ళ నాన్నని అడవివాళ్ళు చంపారు, ఆ మర్నాడే వీడు వెళ్ళి దొర కింద కాపలా కాసే హోంగార్డుల్లో చేరాడు, ఎవరూ ఏమీ అనలేకపోయారు. ఒక్కొక్క ఆడదాని ముందూ ఆగి బుట్ట చూపించాడు. ఎవరిదే ఇది. తెలీదు. ఎవరిదే. తెలీదు. న్యోకాబి తెల్లారకముందు నించీ మట్టి మోసి ఉంది. కడుపులో ఏమీ లేదు. ముందురోజు సాయంత్రం చిన్నది వెక్కుతూ వచ్చింది, బుట్ట పోయిందమ్మా, అమ్మమ్మ తిడుతుంది, అని. ఎక్కడ పోయిందో అడిగే ఓపిక లేక, రేపు వెతుకుదాంలే, పడుకో అంది. రాత్రంతా నిద్రలో కూడా వెతుకుతూనే ఉంది, మంచం కింద, పొయ్యి వెనక, మేకలు కట్టే మూల, అసలు మేకలే లేవు, ఆ మూలా లేదు. ఇంట్లో ఒక వస్తువు కనబడకపోతే ఆడదానికి ప్రాణం ఊరుకోదు. అలాంటప్పుడు కళ్ళముందు గాథోగో చేతిలో, మూడు ఎర్ర చారల్తో, బుట్ట. హమ్మయ్య దొరికింది అనుకుంది. నిజంగా అదే అనుకుంది, ఇంకేమీ కాదు, ఇల్లు తుడుస్తుంటే గాజుముక్క దొరికినట్టు, అంత చిన్న సంతోషం. "ఎవరిదే?" అని అడిగాడు. "అమ్మది" అంది.

అమ్మది. పుట్టినప్పటినించీ ఆ పిల్లని తను పిలిచింది అమ్మా అనే. ఎవరైనా అంతే పిలుస్తారు. మొదటి ఆడపిల్లకి అత్తగారి పేరు, రెండోదానికి అమ్మ పేరు. పేరు పెడితే ఆ మనిషి మళ్ళీ పుట్టినట్టే. ఇది పుట్టినప్పుడు ఆడవాళ్ళు గుడిసె బయట మూడుసార్లు గొంతెత్తి కూశారు, ఆడపిల్లకి మూడు, మగపిల్లాడికి అయిదు. అమ్మ పడుతూ లేస్తూ గట్టు దిగి వచ్చి నాలుగోది కూసింది. ఇదేంటమ్మా, లెక్క తప్పావు అంటే, ఇది నాకోసమే, పుట్టింది నేను కదా, అంది. బాలింతకి పెట్టాలని నల్ల అనుములు బుట్టెడు తెచ్చింది. "నన్ను కన్నావటే? ఏదీ, ఇలా తే, నేనెలా ఉన్నానో చూసుకుంటాను" అని పసిగుడ్డుని ఒళ్ళో వేసుకుని, ఛాతీమీద తుఫ్ అని ఉమ్మి దీవించింది. వాషేరా. పెద్ద వాషేరా, చిన్న వాషేరా. ఇద్దరూ తోటికోడళ్ళలా దెబ్బలాడుకునేవాళ్ళు. న్యోకాబి చిన్నదాన్ని కొట్టబోతే పెద్దది మధ్యలోకి వచ్చి వీపు పెట్టేది. "వాషేరాని కొట్టాలా? ఏ వాషేరాని? ముందు పుట్టిన వాషేరా ఇక్కడుంది, కొట్టు. దెబ్బలు పెద్ద వాషేరావి, ముద్దలు చిన్న వాషేరావి." చిన్నది అమ్మమ్మ వెనక దాక్కుని నాలిక బయటపెట్టేది.

గాథోగో ఆ మాట విన్నాడు. బుట్టని ఒకసారి తిప్పి చూశాడు. జానెడు బుట్ట, పిల్ల తలకి కుట్టిన పట్టీ. వాడి తల్లీ అల్లింది, వాడి చెల్లెళ్ళూ మోశారు, ఎవరి తలకి ఏ పట్టీ పడుతుందో తెలీనివాడా? న్యోకాబి మొహంలోకి చూశాడు. అప్పుడు న్యోకాబికి తన నోటినుంచి వచ్చిందేమిటో తెలిసింది. వాడు దొరవైపు తిరిగి గట్టిగా చెప్పాడు. "వాళ్ళ అమ్మదట." ఎందుకలా చెప్పాడు? పిల్లని కాపాడాడా? కొడుకు అడవిలో ఉన్న ముసలిదాన్ని పట్టించాడా? మూడు రోజులుగా ఆ ఒక్క క్షణాన్ని తిప్పి తిప్పి చూస్తోంది, వాడు బుట్టని తిప్పి చూసినట్టు. అంతుపట్టలేదు.

అమ్మని పధ్నాలుగో వరసనించి తెచ్చారు. అమ్మ బుట్టని చూసింది, న్యోకాబిని చూసింది, పిల్లల వరసలో నెత్తిన చేతులు పెట్టుకు కూర్చున్న చిన్నదానివైపు మాత్రం చూడలేదు. ఆ చూడకపోవడంలోనే అమ్మకి అంతా అర్థమైపోయిందని తెలిసింది. "నాదే. నా చేత్తో అల్లిందే" అంది. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. కొంగకాళ్ళ దొరకి అనుమానం వచ్చింది, ఇంత చిన్న బుట్ట ముసలిదానిదా అని అడిగించాడు. అమ్మ బుట్ట లాక్కుని పట్టీ నుదుటికి తగిలించబోయింది, అది పట్టక నడినెత్తిన టోపీలా కూర్చుంది. "ముసలిదాన్ని, ఎంత మొయ్యగలను? పెద్ద బుట్టలన్నీ మీ కందకం మట్టికే పోయాయి కదా." హోంగార్డులు నవ్వారు. చేతులు నెత్తిన ఉన్న ఆడవాళ్ళు కొందరు నవ్వారు, నవ్వి ఏడ్చారు. ఎవడికి పెట్టావు, వాడెక్కడ అంటే, వాగుగట్టున పెట్టాను, కోతులు తిన్నాయో దేవుడు తిన్నాడో నాకేం తెలుసు అంది. అప్పట్నించి దొడ్డిలో ఉంది. అప్పట్నించే ఇరవైమూడు గంటలు. ఆ సాయంత్రం న్యోకాబి గాథోగో కాళ్ళ దగ్గర కూర్చుని పంపింది నేనే, మోసింది నేనే, నన్ను పంపండి అంది. "నువ్వు ఆ పొద్దంతా కందకంలో నా కళ్ళముందే ఉన్నావు. వందమంది చూశారు. ఇంకోమాట మాట్లాడావంటే అసలు మోసిందెవరని దొర మళ్ళీ మొదట్నించి అడుగుతాడు. అర్థమవుతోందా? ఫో" అన్నాడు. అర్థమైంది. అది బెదిరింపో జాలో మాత్రం అర్థం కాలేదు.

గట్టు మీద దారి రెండుగా చీలింది. ఎడమకి తిరిగితే చిలగడదుంపల మళ్ళు, అందరూ అటే. కుడికి దిగితే వాగు. చేమ వాగు ఒడ్డునే ఉంటుంది.

"అటెక్కడికే?" అంది వంగేషి, ఆగకుండానే. "బుద్ధుందా? అక్కడికి వెళ్తే వెనక్కి రాగలవా?"

"చేమదుంపలు."

"మీ అమ్మకి పిచ్చి, నీకు అంతకంటే పిచ్చి." నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి కసిరింది. "నీ పిల్లకి నాలుగు చిలగడలు నేను తవ్వుకొస్తాలే. ఏడవకుండా ఫో."

ఈ దారి పాదాలకి తెలుసు. పాత ఇల్లు ఈ దారిలోనే, ఇల్లంటే ఇప్పుడు నల్లగా మూడు పొయ్యిరాళ్ళు, చుట్టూ మొలిచిన గడ్డి. సామాను తెచ్చుకోండి అని ఊరు కాల్చేవాళ్ళు కాసేపు టైమిచ్చారు, వాళ్ళు చూరు కింద నిప్పుపెట్టే లోపల కుండ తెచ్చింది, ఉప్పుబుర్ర తెచ్చింది, చీపురు తెచ్చింది. చీపురెందుకు తెచ్చిందో ఇవాళ్టికీ తెలీదు. తిరగలిరాయి వదిలేసి చీపురు తెచ్చింది. మొగుడు నైరోబిలో రైలు గిడ్డంగిలో పనిచేస్తుంటే వీధిలోనే పట్టుకున్నారు, ఎక్కడో ఎండిపోయిన చోట ఖైదీల శిబిరం కంచె వెనక ఉన్నాడట, ఉన్నాడని అనుకోవడమే. పెద్దపిల్ల, అత్తగారి పేరింటిది, పోయిన వానల్లో కాళ్ళు ఉబ్బి, జుట్టు ఎర్రబడి, జావ కూడా మింగలేక కన్నుమూసింది. రోజంతా తన వెనకే తిరిగే పిల్ల, చివరి వారం కదలకుండా ఒక్కచోటే కూర్చుంది. ఇక మిగిలింది చిన్నదొక్కతే. అమ్మ, చిన్నది. వాషేరా, వాషేరా. జావ పంచేటప్పుడు గరిటె చిన్నదానివైపే కాస్త ఎక్కువ వంగేది. తను వంచలేదు, అదే వంగేది. అమ్మ అది చూసి చూడనట్టు, నాకీపూట ఆకలి లేదే అనేది. ఈ మూడు రోజులుగా లోపల ఎవరో లెక్కలు వేస్తున్నారు, అమ్మకి అరవై దాటాయి, పళ్ళు లేవు, మోకాళ్ళు లేవు, ఇంకెన్నాళ్ళు, చిన్నదానికి ఎనిమిదే, అని. ఆ గొంతు ఎవరిదో కాదు, జావ పంచే గొంతే. దాన్ని పీక నులిమి చంపాలనిపించింది. ఎవరి పీక?

వాగు. చల్లటి వాసన. చేమాకులు ఏనుగు చెవుల్లా ఊగుతున్నాయి. మోకాళ్ళమీద పడి రెండు చేతులూ బురదలోకి దింపింది. గుద్దలి తేనివ్వరు, గుద్దలి ఆయుధమట. వేళ్ళతోనే తవ్వాలి. ఒక దుంప కదిలింది, లాగితే వేరు తెగింది, గోరు విరిగింది, ఇంకోటి, ఇంకోటి. ఇక్కడే ఎక్కడో బుట్ట దొరికింది వాళ్ళకి. ఆ రోజు కుక్కలు మొరిగితే పిల్ల బెదిరి బుట్ట వదిలేసి పరిగెత్తింది, పరిగెత్తమని నేర్పింది తనే. బుట్ట తెచ్చుకోమని నేర్పలేదు. అన్నీ నేర్పలేం. పిల్లల గుంపు నీళ్ళ బుర్రలు నెత్తిన పెట్టుకుని పాడుకుంటూ పోయేది, వాళ్ళలో అది ఎలా నడిచేదో, వెనక్కి ఎలా తిరిగి చూసేదో, మావయ్య వాసన భరించలేక ముక్కు మూసుకునేదో ఏమో. చెప్తే, తను గాథోగోకి ఆ మాట చెప్తే, దొర పిల్లని చేత్తో పట్టుకుని నడిపిస్తాడు, చూపించమ్మా అంటాడు, బిళ్ళ చాక్లెట్ ఇస్తాడు, ఇవ్వకపోతే ఇంకోటి చేస్తాడు. ఎనిమిదేళ్ళ పిల్ల చూపించేస్తుంది. చూపించకపోతే ఇంకా భయం. పదమూడేళ్ళ పిల్లని సీసాతో ఏం చేశారో వరసల్లో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. చెప్పకపోతే అమ్మకి తెలీని చోటు అమ్మని చూపించమంటారు. తెలీనిది ఎలా చూపిస్తుంది? తెలీదన్నకొద్దీ కొడతారు.

చుట్టూ చూసింది. ఎదుటిగట్టు మీద పొదలు. గాలి లేదు. ఒక్క ఆకు కదల్లేదు. ఎందుకో నమ్మకం కలిగింది, వాడు అక్కడే ఉన్నాడు, చూస్తున్నాడు, చిన్నప్పుడు దాగుడుమూతల్లో వాడు దాక్కున్న చోటు ఊపిరి చప్పుడుకే తెలిసిపోయేది. "కాన్యీ" అంది, మామూలుగా, ఇంట్లో పిలిచినట్టు. "అమ్మని తీసుకుపోతున్నారు. రెండో ఈలకి." అంతే అంది. వచ్చి లొంగిపో అనలేదు. కానీ అన్నట్టే, అది తనకీ తెలుసు, వాడు ఉంటే వాడికీ తెలుసు. మొయ్యలేని బరువు తన నెత్తిమీంచి దించి తమ్ముడి నెత్తిన పెట్టింది. ఒక కోతి చెట్టుమీంచి చెట్టుకి దూకింది. న్యోకాబికి సిగ్గుతో మొహం మండింది. దుంపలు కొంగులో మూటకట్టుకుని లేచింది.

ఎక్కుడు దారి. కొంగులో దుంపలు కడుపుకి కొట్టుకుంటున్నాయి, నెలలు నిండిన కడుపులా. మంచె నీడ ఎక్కడుందో గట్టెక్కేదాకా కనబడదు. కాళ్ళు పరిగెడుతున్నాయి, నోరు మాటలు కూడగట్టుకుంటోంది. గాథోగో, ఆ బుట్ట. గాథోగో, నేను అమ్మది అన్నది. లేదు, ముందు కొంగకాళ్ళ దొర లేడో ఉన్నాడో చూడాలి. గాథోగో, నువ్వు మా అమ్మ జావ తాగావు. గాథోగో, ఏ అమ్మ అనుకున్నావు? ప్రతి వాక్యమూ ఆ ఒక్క పేరు దగ్గరికి వచ్చి ఆగిపోతోంది. రెండు పేర్లు ఉండుంటే ఎంత బాగుండేది, ఒక్కో మనిషికి ఒక్కో పేరు, తెల్లవాళ్ళకి ఉంటాయట, ఎవరికీ ఎవరూ మళ్ళీ పుట్టరు, ఎవరి బుట్ట వాళ్ళది. గట్టెక్కింది. నీడ తుమ్మమొద్దుకి బెత్తెడు దూరంలో ఉంది. వంతెన ఇవతల లారీ వచ్చి నిలబడింది. డ్రైవరు బానెట్ మీద చెయ్యి ఆనించి సిగరెట్ కాలుస్తున్నాడు, ఎవరో పెళ్ళికి జనాన్ని తీసుకుపోవడానికి వచ్చినవాడిలా.

వంతెన దాటుతుంటే పక్కనించి వంగేషి చిలగడలు నాలుగు న్యోకాబి కొంగులో పడేసింది. లోపల సున్నపు గీత వెనక పిల్లలు, చిన్నది ముందువరసలో, కళ్ళు కొంగుమీదే. న్యోకాబి పిల్లవైపు వెళ్ళలేదు. దొడ్డివైపు వెళ్ళింది. కాపలావాడు అడ్డం వస్తే గాథోగో దూరంనించి చెయ్యి ఊపాడు, రానియ్యమని.

ముళ్ళతీగ సందులోంచి దుంపలు చాపింది. అమ్మ ఒకటి తీసుకుని, మట్టి తుడిచి, ఎండలో తిప్పి చూసి నవ్వింది.

"పచ్చివే తెచ్చావా, పిచ్చిదానా? చేమ పచ్చిది తింటే గొంతు దురదెక్కి చస్తాను కదే."

న్యోకాబి చేతులు అలాగే ఉండిపోయాయి. పొయ్యి లేదు. కుండ లేదు. టైము లేదు. ముప్ఫై ఏళ్ళుగా వంట చేస్తున్న ఆడది, చేమ ఉడకబెట్టాలన్న సంగతి వాగుదాకా పరిగెత్తి, వేళ్ళు చీరుకుపోయేలా తవ్వి, మళ్ళీ పరిగెత్తి వచ్చేదాకా గుర్తు రాలేదు. అమ్మకి గుర్తు రాకుండా ఉంటుందా? అమ్మకా? "నువ్వు కావాలనే" అంది న్యోకాబి. "నన్ను అంత దూరం..."

"గంటసేపు ఈ గేటు దగ్గర నిలబడితే ఊరుకుంటావా నువ్వు. నీ నోరు నాకు తెలీదూ." అమ్మ గొంతు తగ్గించింది. "చెప్పు. దెబ్బలు ఎవరివి?"

"అమ్మా, వద్దు."

"చెప్పవే. టైము లేదు."

"పెద్ద వాషేరావి."

"ముద్దలో?"

జవాబు కోసం అమ్మ ఆగలేదు. "చెయ్యి ఇలా ఇయ్యి." తీగ సందులోంచి చాపిన అరచేతిలో, బురద మీదే, తుఫ్ అని ఉమ్మింది, వేళ్ళు మడిచి మూసింది. "తీసుకెళ్ళి నా పేరింటిదానికి పెట్టు. పారబొయ్యకు."

ఈల. లారీ వెళ్ళేదాకా వంతెన దించే ఉంచారు. ఎవరో న్యోకాబిని భుజం పట్టి వెనక్కి లాగారు, సున్నపు గీతవైపు తోశారు. పిడికిలి మూసే ఉంది. చిన్నది వచ్చి తుంటికి అతుక్కుంది, కొంగులోకి తొంగి చూసింది. "అమ్మమ్మ ఎటు వెళ్తోంది?" అంది. గాథోగో కాగితం పట్టుకుని దొడ్డి తలుపు దగ్గర నిలబడ్డాడు, కొంగకాళ్ళ దొర వాడి పక్కన. ఇప్పుడు. ఇప్పుడు చెప్పాలంటే ఇదే టైము, నాలుగంగల దూరం, ఒక్క మాట. మూడు రోజులు కుండ కింద కదిలింది ఇప్పుడు నాలికమీదికి వచ్చి కూర్చుంది. గాథోగో కాగితంలోంచి చదివాడు, రోజూ పొద్దున్న హాజరు పిలిచే గొంతుతోనే.

"వాషేరా!"

హాజరుకి పలక్కపోతే బెత్తం అని తెలిసిన పిల్ల. తుంటిపక్కన చిన్న ఒళ్ళు నిటారుగా లేచింది, చెయ్యి పైకి లేవబోయింది, నోరు తెరిచింది. న్యోకాబి పిడికిలి విప్పి ఆ నోరు మూసింది. బురదా, అమ్మ ఉమ్మీ, చీరుకున్న వేళ్ళ నెత్తురూ అన్నీ కలిసిన అరచెయ్యి, గట్టిగా, పిల్ల పళ్ళు గుచ్చుకునేంత గట్టిగా. మొన్న నోరు జారింది. ఇవాళ చెయ్యి జారలేదు. దాన్ని ఎవరూ జారడం అనరు, తనూ అనుకోలేదు. గాథోగో కాగితంమీంచి తలెత్తాడు, అరచెయ్యినీ దానికింద పెద్దవైన రెండు కళ్ళనీ చూశాడు, చూపు తిప్పి లారీని చూశాడు.

"ఇక్కడే ఉన్నాను, అరవకు, నాకు చెవుడు లేదు" అంది పెద్ద వాషేరా.

మోకాళ్ళు పట్టుకుని లేచింది. వంతెనమీద ఆమె ఒక్కతే నడిచింది, అటూ ఇటూ ఇద్దరు తుపాకీలతో. లారీ ఎత్తు. ఎక్కలేకపోయింది, చంకల్లో చేతులు వేసి బస్తాలా ఎత్తి లోపల పడేశారు. వెనక తలుపు మూశారు. చిన్నది అరచేతి కింద గింజుకుంటోంది, ఊపిరి వేడిగా వేళ్ళ సందుల్లోంచి వస్తోంది. లారీ దుమ్ము లేపి మలుపు తిరిగే దాకా న్యోకాబి చెయ్యి తియ్యలేదు. తీశాక ఆ చేతికి పని లేకపోయింది, అది గాల్లో అలాగే ఆగిపోయింది, నార లేని చెయ్యిలా. అప్పుడు వచ్చింది గొంతులోంచి, ఇంత సేపూ రానిది, ఊరంతా తిరిగి చూసేంత గట్టిగా.

"అమ్మా!"

"ఊఁ?" అంది చిన్నది, పక్కనించి, మూతి చుట్టూ బురదతో.